ఆకుపచ్చ గౌనులో చేసిన ప్రార్థన

ఎనిమిదేళ్ళుగా ఒక అబద్ధం మా ఇంట్లో కాపురం చేస్తోంది. దాన్ని తెచ్చింది నేనే. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకీ, పాస్టరుగారికీ కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే కాస్త ధైర్యం వచ్చింది. అది ఎంతసేపు నిలుస్తుందో చూడాలి.

మాది నరసాపురం వైపు. దోహా వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. అల్ మన్సూరాలో రెండు గదుల ఫ్లాటు. ఇక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి చర్చి ఆరాధనా ఆ రోజే; అందులో చిన్నపిల్లలకి బైబిలు పాఠాలు చెబుతాను. అబద్ధమాడకూడదని బొమ్మలు గీసి మరీ నేర్పుతాను. నవ్వొస్తే నవ్వండి.

మా కెజియాకి అప్పుడు పదిహేడు. స్కూల్లో ఆఖరి సంవత్సరం పిల్లలకి హోటల్లో ప్రామ్ అన్నారు. భోజనం, ఫోటోలు, డాన్సు. మొదట సరేనన్నది నేనే. ఆకుపచ్చ గుడ్డ ఎంచిందీ, గౌనుకి నిండు చేతులు పెట్టమని దర్జీకి చెప్పిందీ నేనే. కానీ ట్రయలు రోజున అద్దంలో కెజియాని చూసి నాకు భయం పట్టుకుంది. నిన్నటిదాకా యూనిఫాంలో తిరిగిన పిల్ల పెళ్ళీడు పిల్లలా నిలబడి ఉంది. ఆ రోజు నుంచి ఇవే ప్రశ్నలు. ఎవరు చెయ్యి పట్టుకుంటారు? ఆ ఫోటో ఎవరి ఫోన్లోకి వెళ్తుంది? మన సంఘంలో ఆడవాళ్ళు చూస్తే ఏమంటారు? నేను భయపడింది పిల్ల కోసమా, పదిమందిలో నాకున్న పేరు కోసమా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఇది కూడా అబద్ధమే. పేరు కోసమే.

వద్దని చెప్పొచ్చుగా అంటారు. సరేనన్న నోటితో ఆఖరి నిమిషంలో కాదంటే పిల్ల దృష్టిలో చెడ్డదాన్నైపోతాను. చెడ్డపేరు రాకూడదు, అది వెళ్ళకూడదు. నాకు రెండూ కావాలి.

ఆ గురువారం మధ్యాహ్నం ఊళ్ళోంచి మా అమ్మ ఫోన్ చేసింది. పొద్దున పెసరట్లు రెండెక్కువ తిన్నదట. గుండెల్లో మంట పుడితే మజ్జిగ తాగి పడుకుందట, తగ్గిందట. అంతే జరిగింది. గోరంతను కొండంత చేసే పని నేను చేశాను. సాయంత్రం కెజియా గౌను వేసుకుని, జుట్టు సగం ముడిచి, పిన్నుల కోసం నా గదిలోకి వచ్చింది. మా ఆయన ఇంకా డ్యూటీలోనే ఉన్నారు. నా చేతిలో ఫోన్ ఉంది.

"అమ్మమ్మకి గుండెపోటంటమ్మా. హాస్పిటల్లో పెట్టారంట."

"అయ్యో! ఎలా ఉందంట మమ్మీ? మావయ్యకి ఫోన్ చెయ్, నేను మాట్లాడతా."

"ఇప్పుడే మాట్లాడాను. ఐసీయూలో ఉందంట, ఎవర్నీ లోపలికి రానివ్వట్లేదంట. నువ్వు వెళ్ళాలనుకుంటే వెళ్ళమ్మా. నీ ఇష్టం."

"అమ్మమ్మ అలా ఉంటే నేనెలా వెళ్తాను మమ్మీ?"

నీ ఇష్టం అన్నాను చూడండి, అక్కడే ఉంది నా పాపమంతా. ఆపింది నేను, మానుకున్నాననే భారం మాత్రం దాని నెత్తిన పెట్టాను. అది స్నేహితురాలికి రావట్లేదని మెసేజ్ పెట్టింది. గౌను కూడా మార్చుకోకుండా సోఫా ముందు మోకరించింది. కింద మసీదులో పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ వినిపించినప్పుడు మొదలుపెట్టి, గంటన్నరకి రాత్రి ఇషా అజాన్ వినిపించేదాకా లేవలేదు. ఏడుస్తూ మా అమ్మ ప్రాణం అడిగింది. నేను పక్కనే మోకరించాను. ప్రతి మాటకీ ఆమెన్ అన్నాను.

మర్నాడు గండం గడిచిందని చెప్పాను. నన్ను పట్టుకుని ఎంత సంతోషపడిందో! తర్వాత ఓసారి ఫోన్లో మా అమ్మే కెజియాతో, నాకేమైందే, గుండెల్లో మంటే కదా అంది. మనం కంగారుపడతామని అమ్మమ్మ దాస్తోందని కెజియా తనే సర్దుకుంది. నేను ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు అలవాటైపోయింది.

ఇప్పుడు కెజియాకి ఇరవై అయిదు. అల్ సద్‌లో ఒక క్లినిక్‌లో నర్సు. మా సంఘంలో యవ్వనస్థులకి అదే పెద్ద. ఏటా ఒకసారైనా లేచి ఆ సాయంత్రం గురించి సాక్ష్యం చెబుతుంది. ప్రామ్ వదులుకుని మోకరించానని, ప్రభువు అమ్మమ్మని తిరిగి ఇచ్చాడని. దాని విశ్వాసానికి పునాది ఆ సాయంత్రమే. ఆ పునాది కింద ఏముందో నాకొక్కదానికే తెలుసు. లాగితే ఇల్లు నిలుస్తుందా? లాగకపోతే నేనేం తల్లిని?

మొన్న శుక్రవారం మళ్ళీ చెప్పింది. అల్ తుమామా నుంచి వచ్చే ఓ పన్నెండో తరగతి పిల్ల లేచి, "నేను కూడా ప్రామ్‌కి వెళ్ళనక్కా" అంది. అందరూ ఆమెన్ అన్నారు. నా నోరు కూడా అంది. బయటికొచ్చాక వాళ్ళమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, "పిల్లల్ని మీలాగా పెంచాలండీ" అంది. చేతులు లాక్కోలేక అలాగే నిలబడ్డాను. ఆ పిల్ల ప్రామ్ వచ్చే గురువారం.

ఇప్పుడు ఈ కాగితం మీద, మొదటిసారి, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. కెజియా, ఆ రోజు అమ్మమ్మకి ఏమీ కాలేదు. నువ్వు వెళ్ళాల్సింది. నేనే వెళ్ళనివ్వలేదు.

రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. క్షమిస్తుందో లేదో తెలియదు. క్షమించమని అడిగే నోరు ఉందో లేదో కూడా తెలియదు. అది డ్యూటీ ముగించుకుని ఇంటికొచ్చే వేళయింది. లిఫ్టు చప్పుడైన ప్రతిసారీ చెయ్యి ఈ కాగితం మీదికి పోతోంది. ఇంకా దాచలేదు.