పాత బియ్యం దిండు

నా చిన్నప్పుడు నేను దెయ్యాలకి పెద్దగా భయపడలేదు, పోలీసులకీ భయపడలేదు. నన్ను గడగడలాడించింది మా ఊరి కాలవ వంతెన మీద అడ్డంగా కట్టిన ఒక వెదురుబొంగు. దాన్ని కట్టింది ఎవరో పరాయివాళ్ళయితే ఇంత చెప్పుకోనక్కర్లేదు. మా తాతయ్య పార్టీవాళ్ళే కట్టారు.

అవి అరవైల్లో రోజులు. మా అమ్మమ్మగారి ఊరి నుంచి రేపల్లెకి ఎడ్లబండి మీద గంటన్నర దారి. చదువు కోసం నన్ను అమ్మమ్మగారింట్లోనే ఉంచారు. తాతయ్య బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. అప్పట్లో సిమెంటు కావాలన్నా పర్మిట్టు చీటీయే, ధాన్యం జిల్లా దాటాలన్నా పర్మిట్టే. ఇవన్నీ పోవాలనీ, సర్కారు ఊరికి కాపలా కాస్తే చాలు గానీ మనిషి గాదెలోకీ వంటింట్లోకీ తొంగిచూడకూడదనీ చెప్పే పార్టీ ఒకటుండేది. ఆ పార్టీ అంటే తాతయ్యకి ప్రాణం. ఎన్నికలొస్తే తానే గోడల మీద సున్నంతో రాసేవారు. సున్నం ముంత పట్టుకుని నేను వెనకాల నడిచేదాన్ని. ‘చీటీలు పోవాలి’ అని గుండ్రటి అక్షరాలతో రాసి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని మురిసిపోయేవారు. నా గౌను నిండా సున్నం మరకలే.

చివరికి పంచాయతీకి ఆ పార్టీ మనిషే ప్రెసిడెంటయ్యాడు. తాతయ్య దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాడే. అందరం పండగ చేసుకున్నాం. ఆ ఏడు గాలివానకి పంట పోయింది. ఊరి గింజ ఊరు దాటకూడదని కొత్త ప్రెసిడెంటు తీర్మానం చేయించి, వంతెన మీద వెదురుబొంగు కట్టించి, జెండాలు మోసిన కుర్రాళ్ళనే కాపలా పెట్టాడు. సోలెడు గింజలు దాటాలన్నా ఆయన చేతి చీటీ ఉండాలి. అది విన్న రోజు తాతయ్య సగం అన్నంలో లేచిపోయారు. వెళ్ళి ప్రెసిడెంటుని మాత్రం అడగలేదు. మనవాళ్ళే కదా, నాలుగు రోజులు చూద్దామనుకున్నారేమో.

సరిగ్గా అప్పుడే బాపట్లలో మా పిన్నికి మూడో కాన్పయింది. బిడ్డ బాగానే ఉన్నాడు గానీ పిన్నికి జ్వరం వదలడం లేదు, తిన్నది ఇమడడం లేదు అని కార్డు ముక్క వచ్చింది. బాలింతకి పాత బియ్యం అన్నమే పెట్టాలి, కొత్త బియ్యం పెడితే అరక్క ప్రాణం మీదికొస్తుందని మా వైపు ఆడవాళ్ళ నమ్మకం. ఆ ఏడు బాపట్ల కొట్లలో దొరికేవి కొత్త బియ్యం, అవీ సగం నూకలు. మా అటక మీద కుండలో రెండేళ్ళ నాటి బియ్యం ఉన్నాయి.

ప్రెసిడెంటు దగ్గర చీటీ తెమ్మని అమ్మమ్మ అడిగింది. తాతయ్య తల దించుకుని, “చీటీలు వద్దని ఊరి గోడలన్నీ ఖరాబు చేసినవాణ్ణి, నేనే వెళ్ళి చీటీ ఎట్లా అడగనే?” అన్నారు.

“మీ గోడలు బాలింతకి పథ్యం పెడతాయా ఏంటి?” అంది అమ్మమ్మ.

ఆ పూటే ఒక బూరుగుదూది దిండు విప్పి, నడుమ రెండు కుంచాల బియ్యం పోసి, చుట్టూ దూది కూరి, మళ్ళీ కుట్టేసింది. నొక్కితే మెత్తగా ఉండాలని అంత తెలివిగా చూసుకున్న మనిషికి, ఎత్తితే ఎంత బరువుంటుందో తట్టనేలేదు. తాతయ్య పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. చూశారని నాకు తెలుసు, ఎందుకంటే ఆ పేపరు ముందురోజుది.

తెల్లవారి బండెక్కాం. రేపల్లెలో రైలు పట్టుకుని, తెనాలిలో మారి, సాయంత్రానికి బాపట్ల చేరాలి. తాతయ్య బండెక్కకుండా వెనక నడిచి వస్తానన్నారు. నన్ను దిండు మీద పడుకోబెట్టి, జ్వరం వచ్చినదానిలా మూలగమంది అమ్మమ్మ. దొరికిపోతే ఏమవుతుందో నాకెవరూ చెప్పలేదు. చెప్పకపోవడం వల్లే భయం ఇంతకింత అయింది. అమ్మమ్మని జైల్లో పెడతారనీ, పిన్ని చచ్చిపోతుందనీ, అదంతా నేను సరిగ్గా మూలగనందుకేననీ అనుకున్నాను. వంతెన కనబడేసరికి నిజంగానే ఒళ్ళు వణికింది. మూలుగు మాత్రం రాలేదు.

బండి ఆపిన కుర్రాడు కొత్తవాడేం కాదు. ఎన్నికలప్పుడు నన్ను భుజమ్మీద కూర్చోబెట్టుకుని జెండా పట్టించిన అన్నయ్యే. అన్నీ వెతికి, నా తల కింద దిండు లాగి ఎత్తాడు. చేతులు కిందికి వాలాయి. అమ్మమ్మ వైపు చూశాడు. అమ్మమ్మ మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. నేను కళ్ళు మూసుకున్నాను.

అతను దిండుని మళ్ళీ నా తల కింద మెల్లగా సర్ది, “జాగ్రత్తగా వెళ్ళి రండి మామ్మగారూ” అని బొంగు పైకెత్తాడు. బండి వంతెన దాటి, తాతయ్య కోసం ఆగింది. బతికిపోయామని నాకు ఏడుపొచ్చింది.

మా వెనకే కోతలకి వచ్చే ముసలమ్మ ఒకతె చిన్న మూట చంకన పెట్టుకుని నడిచి వస్తోంది. కూలిగా వచ్చిన గింజలు దంచుకుని పొన్నూరులో ఉన్న కూతురికి తీసుకెళ్తోందట. అదే కుర్రాడు, అదే చేత్తో, ఆమె మూట లాక్కున్నాడు. “బాబ్బాబు, కూలి గింజలయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటా” అని ఆమె వంగిపోతుంటే మూట విప్పి పంచాయతీ గోనెలో కుమ్మరించాడు.

తాతయ్య అప్పటికి వంతెన దగ్గరికి వచ్చారు. జరిగింది నిలబడి చూశారు. తర్వాత బండి దగ్గరికొచ్చి, నా తల కింద నుంచి దిండు లాగి, వంతెన మీదికి తీసుకెళ్ళి, పంటితో కుట్టు తెంపారు. దూది గాలికి లేచిపోయింది. తాతయ్యకి మతి పోయిందనుకున్నాను.

“ఇవీ బియ్యమేరా. ఇవీ పట్టుకో, లేకపోతే ఆవిడవి ఆవిడకి ఇచ్చెయ్” అన్నారు.

“మీది వేరండి మాస్టారూ” అన్నాడు వాడు, కళ్ళెత్తకుండా.

ఎవరో పరిగెత్తి వెళ్తే ప్రెసిడెంటు సైకిలు మీద వచ్చాడు. వినయంగా చేతులు కట్టుకున్నాడు. అవతలివాళ్ళ పర్మిట్లు జనాన్ని తొక్కడానికండి, మన చీటీ ఊరి మేలు కోసమండి అన్నాడు. మా బియ్యం మమ్మల్ని తీసుకెళ్ళమన్నాడు. ముసలమ్మకి ఇస్తే రేపు ఊరంతా అడుగుతారు కాబట్టి ఆమెవి మాత్రం కుదరవన్నాడు. తాతయ్య అతన్ని చాలాసేపు చూశారు, ఎక్కాలు తప్పు చెప్పిన పిల్లవాణ్ణి చూసినట్టు. దిండు వంచి ఆ రెండేళ్ళ బియ్యాన్ని తన చేతులతోనే గోనెలో పోశారు.

నేను కెవ్వుమని ఏడ్చాను. “పిన్ని చచ్చిపోతుంది తాతయ్యా” అని అరిచాను. గింజలు గోనె అంచు తప్పి వంతెన మీద రాలుతున్నాయి. అప్పుడు తెలిసింది, నాకంటే ఆయనకే ఎక్కువ భయంగా ఉందని. అయినా పోయడం ఆపలేదు.

రైల్లో అమ్మమ్మ అటు తిరిగి కూర్చుంది. తెనాలిలో రైలు మారాం. అక్కడ ప్లాట్‌ఫారం మీద తాతయ్య నన్ను దగ్గరికి తీసుకుని, “ఆ గోడల మీద రాసింది నేనే కదమ్మా. చీటీలు పోవాలని రాశాను. ఎవరి చీటీలు పోవాలో రాయలేదు. ఎవరికి వాళ్ళు ఎదుటివాడివే అనుకున్నారు” అన్నారు. అర్థం కాకపోయినా తలూపాను.

పిన్ని బతికింది. బాపట్లలో పక్కింటి అక్క సంగతి విని రోజూ ఒక గిద్దెడు పాత బియ్యం తెచ్చిచ్చేది. అవి లేకపోతే ఏమయ్యేదో తల్చుకోవడానికి నాకు ఇప్పటికీ ధైర్యం చాలదు. మళ్ళీ పంట ఇంటికొచ్చేదాకా అమ్మమ్మ తాతయ్యతో మాట్లాడలేదు. ముసలమ్మ గింజలు తిరిగి రాలేదు. తాతయ్య మరి ఏ పార్టీకీ ఒక్క అక్షరం రాయలేదు. ఆయన చేసింది ఒప్పో తప్పో నేను తేల్చుకోలేకపోయాను. పిన్ని మంచం పక్కన నిలబడి ఆలోచిస్తే ఒకలా ఉంటుంది, ముసలమ్మ పక్కన నిలబడితే ఒకలా ఉంటుంది.

తర్వాత తెనాలిలో టీచరు ఉద్యోగం చేశాను. సర్కారు పెత్తనం తగ్గిస్తామని మైకుల్లో అరిచినవాళ్ళని డెబ్బైల్లోనూ విన్నాను, ఆ తర్వాతా విన్నాను. గెలిచాక తగ్గించినవాళ్ళు నాకు కనబడలేదు. తమవాళ్ళకి మాత్రం తగ్గించారు. ఆ తగ్గింపు నాకూ చాలాసార్లు ఎదురొచ్చింది. ఏ ఆఫీసుకెళ్ళినా ఒకప్పటి నా విద్యార్థి ఎవరో ఒకరు లేచి, “మీరు లైన్లో ఎందుకండీ టీచరుగారూ, ఇటు రండి” అంటారు. ప్రేమతోనే అంటారు. వద్దు నాయనా అని చెప్పి లైన్లోనే నిలబడతాను గానీ, వెనక్కి తిరిగి చూడకుండా ఉండలేను. ఈ వయసులో నన్నెవరో పట్టుకుంటారన్న భయం లేదు. నన్ను వదిలేసి, నా వెనకున్న మనిషిని పట్టుకుంటారేమోనని భయం.