మొసలి కంటే ముందొచ్చిన కేక

ఆ సినిమా బాగుండదు. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తే అందరికీ సుఖం. 'మొసలి మడుగులో మోహిని' అని పేరు పెట్టుకున్న ఆ బొమ్మ థియేటరు గడప తొక్కలేదు, తిన్నగా వీడియో కేసెట్లలోకి దిగింది. అట్టమీద గర్జించే పులి సినిమాలో ఎక్కడా కనబడదు. ఉన్నదల్లా ఒక రబ్బరు మొసలి, చాలీచాలని బట్టలతో అడవిలో దారి తప్పిన ఇద్దరమ్మాయిలు, వాళ్ల వెంటపడే మీసాలవాళ్లు. వీళ్లెవరికి ఆపదొచ్చినా అరిచేది మాత్రం ఒకే ఒక్క మనిషి.

ఆ మనిషి మైకమ్మ. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో బస్సు స్టాండు మైకులో చెప్పే ఉద్యోగం కనక ఆ పేరు. పెళ్లి చేసుకోలేదు. అక్కా బావల ఇంట్లో వెనక గది ఆమెది.

ఈ ఉద్యోగానికి ముందు, వయసులో ఉన్నప్పుడు, ఆమె కేకలు వేసి బతికింది. సినిమాల్లో తారలకు డబ్బింగ్ మాటలు చెప్పేవాళ్లు తమ గొంతులు పాడవుతాయని అరుపుల జోలికి వెళ్లేవారు కాదు. ఈమెను పిలిపించేవారు. స్నానాల గదంత స్టూడియోలో, అడవిలో ప్రతిధ్వనించినట్టు వినబడాలని మూతి ముందు రేకు బకెట్ పెట్టి అరవమనేవారు. ఈ సినిమాకైతే బొమ్మ కూడా చూపించలేదు. "మొసలి వస్తోందనుకో, కానీ" అన్నారు. ఆమె అనుకుంది, అరిచింది. తీరా అతికించి చూస్తే, మొసలి నీళ్లలోంచి ముక్కు పైకెత్తకముందే హీరోయిన్ కెవ్వుమంటోంది. మళ్లీ అరిపించే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ముందొస్తే వచ్చింది గాని ఆ కేకంటే మైకమ్మకి ప్రాణం. "గాజు పగిలినట్టుండేది నా గొంతు" అని చెప్పుకునేది. చెవిపెట్టి విన్నవాళ్లు ఎవరూ లేరు కనక కాదన్నవాళ్లూ లేరు.

అలాంటి గొంతులో చిన్న కాయ లేచింది. ఆపరేషన్ చేసి తీసేశారు. పుండు మానిందని, ఇక మాట్లాడవచ్చని డాక్టరు చెప్పాడు. మైకమ్మ గది తలుపేసుకుని ఒక్కసారి ప్రయత్నించింది. తుప్పు పట్టిన గేటు తెరిచినట్టు వచ్చింది. అంతే, నోటికి తాళం. ఏది కావాలన్నా గుసగుసే.

చివరికి స్టాండు మేనేజరు కబురు పెట్టాడు. సోమవారం వచ్చి మైకులో చదివి వినిపించాలి, లేదంటే లగేజీ గదికి మారుస్తారు.

"లగేజీ గదికే పోతాను" అని ఊపిరితో అంది మైకమ్మ.

"మూటలకి నీ కబుర్లెందుకే?" అక్క కసిరింది. "అవి పలకవు కదా అని వెళ్తున్నావా?"

బావ ఒకప్పుడు వీడియో లైబ్రరీ నడిపి, ఇప్పుడు అదే కొట్లో ఫోన్ల కవర్లు అమ్ముకుంటున్న మనిషి. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అటకెక్కి, దుమ్ములో కూరుకుపోయిన ప్లేయరూ, పులి బొమ్మ అట్టలోని ఆ కేసెట్టూ దించాడు. స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో ప్లేయరు లోపల తుడిచాడు.

"మరదలా, గాజు పగలగొడదాం రా."

మైకమ్మ రానని చేత్తో సైగ చేసింది గాని, వచ్చి స్టూలు మీద కూర్చుంది.

సినిమా నడిచింది. చెట్లు, పొగ, మీసాలు. హీరోయిన్ జలపాతం కింద నిలబడగానే తెరంతా తెల్లటి చుక్కలు కమ్మేశాయి. బొమ్మ లేదు, నీళ్ల హోరు మాత్రం శుభ్రంగా వినబడుతోంది.

"ఇదేంటండీ?" అంది అక్క.

"ఎవడు అద్దెకి తీసుకెళ్లినా ఇక్కడే ఆపి ఆపి చూశాడు. బొమ్మ అరిగిపోయింది. శబ్దం టేపు అంచున వేరేగా ఉంటుంది, దానికేం కాలేదు."

"తమరెన్నిసార్లు ఆపారో?"

"నేను చెకింగ్ కోసం ఆపేవాణ్ణి."

అక్క నోరు తెరిచేలోగా ఆ కేక వచ్చింది.

గాజు పగల్లేదు. తోక తొక్కించుకున్న పిల్లి అరుపులా మొదలై, మధ్యలో చీలి, చివర్లో చిన్న దగ్గుతో ముగిసింది. బకెట్ కూడా ఓసారి టంగుమంది.

బావ గొంతు సవరించుకుని, "ఆ రోజుల్లో మైకులు మంచివి ఉండేవి కావులే" అన్నాడు.

జ్ఞాపకాలు మనిషిని నిలబెడతాయంటారు. కొన్ని కూలబెడతాయి కూడా. లేని గాజు గొంతును తలుచుకుని ఉన్న గొంతును దాచుకున్న మైకమ్మ తెరవైపు చూసింది, బావవైపు చూసింది. పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు గరగరమంటూనే ఇల్లంతా వినబడింది.

"బావా, వెనక్కి తిప్పు!"

తిప్పాడు. మళ్లీ పిల్లి, మళ్లీ దగ్గు, మళ్లీ బకెట్.

"దీనికోసమా నేను నోరు కుట్టుకుని కూర్చుంది!"

"ఒసేవ్, మాట!" అక్క ఆమె భుజం పట్టుకుని ఊపేసింది. "మాట వచ్చిందే!"

"రాక ఎక్కడికి పోతుందే? అప్పుడూ దరిద్రమే, ఇప్పుడూ దరిద్రమే. ఇప్పుడు కాస్త బరువెక్కింది."

మూడోసారి తిప్పినప్పుడు టేపుతోపాటు ఆమె కూడా అరిచింది. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి "ఏమైందమ్మా?" అంది కంగారుగా.

"మొసలొచ్చింది వదినా!" అన్నాడు బావ. "మా మరదలు ముందే చూసింది."

సోమవారం మైకమ్మ తన కుర్చీలో తాను కూర్చుంది. మేనేజరు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె రెండు బస్సుల వివరాలు చదివింది. ఒకచోట గొంతు జీరపోయింది. నీళ్లు తాగి, ఆ మాట మళ్లీ చెప్పింది.

"కాస్త బొంగురుగా ఉందమ్మా" అన్నాడాయన.

"వినబడిందా లేదా చెప్పండి సార్."

"వినబడిందనుకోండి…"

ఆయన మాట ముగించకముందే ఆమె చెవి కిటికీవైపు తిరిగింది. వీధి మలుపులో ఏదో పెద్ద బండి గేరు మార్చిన చప్పుడు. మైకు మీట నొక్కి, తర్వాతి బస్సు మూడో ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని చెప్పేసింది.

మేనేజరు కిటికీలోంచి మెడ సాచి చూశాడు. గేటు ఖాళీగా ఉంది.

"ఏదమ్మా బస్సు?"

మైకమ్మ ఆగమన్నట్టు వేలు చూపించింది. బయట జనం నవ్వలేదు. సంచులు భుజానికెత్తుకుని, పిల్లల చేతులు పట్టుకుని, మూడో ప్లాట్‌ఫారం వైపు నడుస్తున్నారు. అప్పుడు గేటులోంచి మెల్లగా బస్సు ముక్కు కనబడింది.