టేపు ఆపిన తర్వాత

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు హన్మకొండలోని మా ఇంటికి వచ్చి, ముందుగదిలో చాప వేసుకుని కూర్చుని ఫోను తీసింది. అందులోంచి ఎవరో పల్లెటూరి ఆడమనిషి గొంతు వినిపిస్తుంటే, ఆ మాటలన్నీ వాటంతటవే అక్షరాలై తెరమీద పడుతున్నాయి. ప్రజారోగ్యంలో పైచదువు చదువుతోంది ఆ పిల్ల. రోగాల గురించి జనం ఏమనుకుంటారో వాళ్ల నోటితోనే చెప్పించుకుని రాసుకునే పరిశోధన అట. అట ఏమిటి, ఒకప్పుడు ఆ విద్య నేనూ నేర్చుకున్నదాన్నే. కాకపోతే మా రోజుల్లో ఒక నిమిషం మాటను కాగితం మీద పెట్టడానికి టేపును పదిసార్లు వెనక్కి తిప్పి తిప్పి వేలు నొప్పిపుట్టేది.

కొన్నేళ్లు నర్సుగా చేశాక సెలవు పెట్టి ఆ చదువులో చేరాను. మాకు పాఠం చెప్పే మేడం మొదటిరోజే చెప్పింది, మీరు వినడానికి వెళ్తున్నారు, చెప్పడానికి కాదని. ఊరందరికీ సూదులతోపాటు బుద్ధులు కూడా వేసే అలవాటున్న మాబోటివాళ్లకు నోరు కట్టేసుకోవడం ఎంత కష్టమో నా ఈడు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

క్షయ మందులు మధ్యలో ఎందుకు మానేస్తారో తెలుసుకోవడం నా పని. నర్సంపేట అవతల ఒక ఊళ్లో ఇరవై ఏళ్ల కోడలు పిల్లను కలిశాను. దవాఖాన పుస్తకం ప్రకారం ఆమె గోళీలు తీసుకెళ్లి నెల దాటింది. మనిషిని ఒంటరిగా మాట్లాడించాలన్న పాఠం గుర్తుంది గాని, గడపలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తగారిని లేచిపొమ్మనే ధైర్యం ఎవరికుంటుంది? రికార్డరు చూడగానే ఆ పిల్ల పాఠం అప్పజెప్పినట్టు, రోజూ మింగుతున్నానని, ఇబ్బందేమీ లేదని చెప్పింది. అత్తగారు తలూపింది.

టేపు ఆపి సంచిలో పెట్టుకున్నాక, కోడలు పిల్ల ఒక్కతే బస్సు ఆగే చోటుదాకా సాగనంపడానికి నాతో నడిచివచ్చింది.

"అక్కా, గోళీలు మింగిన కాంచి ఒంటికి పోతే ఎర్రగ పోతాంది. పెరట్ల బండ మీద చూసి మా అత్త, నెలంత ముట్టేనా నీకు అని పొయ్యి కాడికి రానియ్యలే. గందుకే బంద్ పెట్టిన. జర ఎవలకు చెప్పకు."

అది రక్తం కాదమ్మా, ఆ మందు రంగే మూత్రంలో దిగుతుంది అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఏ నర్సును నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. నేను చెప్పలేదు, వినడానికి కదా వెళ్లాను! పైగా టేపులో పడని మాట లెక్కలోకి రాదనుకుని కాగితం మీదా పెట్టలేదు. బస్సు వస్తే ఎక్కేశాను.

వారం తర్వాత మేడం నా కాగితాలు చదివి, పుస్తకం ఒకటి చెబుతోంది, టేపు ఒకటి చెబుతోంది, టేపు ఆపాక ఏమందని అడిగింది. చెప్పాను. ఆవిడకు కోపం రావడం అదొక్కసారే చూశాను.

"ముందు నర్సువు గాదా నువ్వు? ఈ చదువు ఆ తర్వాత గదా!"

మర్నాడు పొద్దున్నే ఇద్దరం వెళ్లాం. ఇంట్లో అత్తగారొక్కతే ఉంది. దగ్గు ఎక్కువైందని కోడల్ని రెండు రోజుల కిందటే పుట్టింటివాళ్లు కేసముద్రం వైపు తీసుకుపోయారట. ఎవరికీ చెప్పొద్దన్న మాట తప్పి, ఎరుపు రంగు సంగతి ఆమెకు చెప్పాం.

"గట్లనా బిడ్డా! ముందుగాల మాకు ఎవ్వలు చెప్పకపోతిరి."

ఆ వైపు దవాఖానకు చీటీ పంపాం. జవాబు రాలేదు. నేనైనా వెళ్లి కనుక్కోవలసింది, పరీక్షల్లో పడి వెళ్లలేదు. ఇన్నేళ్లయినా అది తలచుకుంటే సిగ్గుగానే ఉంటుంది.

మొన్న తమ్ముడి కూతుర్ని కూడా, ఫోను ఆపాక ఆ మనిషి ఏమందని అడిగాను. అది రికార్డులో లేదు కదా అత్తమ్మా అని మళ్లీ తెరవైపు తిరిగింది. పని ఎంతో సులువైంది, కాదనను. నా టేపు ఇంకా బీరువాలోనే ఉంది, పెట్టి వినడానికి యంత్రం లేదు. ఉన్నా, రోజూ మింగుతున్నానన్న అబద్ధమే వినిపిస్తుంది. బస్సు కోసం నిలబడి ఆమె చెప్పిన నిజం ఇప్పుడు నా ఒక్కదాని దగ్గరే ఉంది. దానికి నేను ఇవ్వాల్సిన జవాబు కూడా.