అక్క పేరుతో మూడో కీబోర్డు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు చిరాకు. బడిలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఏదైనా వింతగా జరిగితే ముందు వైరు చూస్తాను, తర్వాత స్విచ్చు చూస్తాను. ఈ విషయంలో రెండూ చూశాను. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను గానీ, అది తగ్గేలా లేదు.

మా అక్క ఎస్తేరు మౌలాలిలో మా చర్చిలో ఇరవై ఏళ్లకు పైగా కీబోర్డు వాయించింది. చిన్నప్పుడు రైలు పెట్టె తలుపులో పడి ఆమె కుడిచేతి ఉంగరం వేలు నలిగిపోయింది. అది మళ్లీ వంగలేదు. ఆమె కట్టిన స్తుతి పాట ఒకటుంది. దాని పల్లవి చివర పై స్థాయి స స్వరం, అంటే పై స, అందుకోవాలంటే ఆ వేలికి బదులు నడిమి వేలు ఎగరాలి. అందేసరికి అర బీటు ఆలస్యమయ్యేది.

"ఆ స్వరం నాకు టైముకి అందదురా తమ్ముడూ" అని ప్రతిసారీ నొచ్చుకునేది.

పోయిన ఏడాది అక్క జబ్బు చేసి చనిపోయింది. ఆరు నెలలు తిరక్కముందే మా క్వయర్ లీడర్ జయరాజు ఆ పాట తనదేనన్నాడు. చర్చి వార్షికోత్సవానికి అచ్చు వేసే పాటల పుస్తకంలో తన పేరు ఇచ్చుకున్నాడు. అక్క దాన్ని ఎక్కడా రాసిపెట్టలేదు, రికార్డు చేయలేదు. ఆమెది అంటూ మిగిలింది ఆ పాట ఒక్కటే.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మహానుభావుడు ఆలస్యాన్ని కూడా ఎత్తుకుపోయాడు. అయిదు వేళ్లూ సుబ్బరంగా ఉన్న మనిషి, పై స దగ్గర అర బీటు ఆగి మరీ వాయిస్తాడు. అది పాట కాదయ్యా, మా అక్క నలిగిన వేలు అని మొహం మీదే చెప్పాను.

"గదే స్టైల్ బ్రదర్. పాట కట్టింది నేను, నాకు తెల్వదా?" అన్నాడు.

వార్షికోత్సవానికి ముందు ఆదివారం, మధ్యాహ్నం ప్రాక్టీసు పెట్టారు. మా కీబోర్డులన్నీ వైర్లు లేకుండా ఒకే ట్యాబ్‌కి కలుస్తాయి. ఒక్కోదాని వెనక బొటనవేలంత బ్లూటూత్ పరికరం గుచ్చుతాం. ఏ మెట్టు నొక్కారో అది ట్యాబ్‌కి చెబుతుంది, శబ్దం ట్యాబ్ నుంచి స్పీకర్లకు వెళ్తుంది. ఒక్కో కీబోర్డు ఒక్కో వరసలో, అంటే విడి ట్రాక్‌లో, రికార్డు కూడా అవుతుంది. తికమక పడకుండా పరికరాలకు మనుషుల పేర్లు పెట్టింది నేనే. ఆ రోజు ఉన్నవి రెండే: జయరాజుది, మెర్సీ అనే అమ్మాయిది. ట్యాబ్ నా చేతిలో ఉంది.

అక్క పాటే ఎత్తుకున్నారు. మొదటి చరణంలో హార్మోనియం వినిపించింది. ఆ శబ్దం నేను ఇద్దరిలో ఎవరికీ ఇవ్వలేదు. ఎక్కడి నుంచి వస్తోందో వెతుకుతుండగా పల్లవి తిరిగొచ్చింది, అయిపోయింది. రెండో చరణం ఎత్తుకున్నాక తెర మీద మూడో పేరు కనబడింది. ఎస్తేరు. పక్కన పచ్చ చుక్క వెలిగి ఆరుతోంది.

తిక్క రేగింది నాకు. ఇది జయరాజు చేసిన వెధవ పనే అనుకున్నాను. పోయిన మనిషితోనా పరాచికాలు! ఇంకేం ఆలోచించకుండా ఆ పేరు మీద నొక్కి కనెక్షన్ తెంపేశాను. హార్మోనియం ఆగిపోయింది. జయరాజు పేరు, మెర్సీ పేరు జాబితాలో అలాగే ఉన్నాయి. వాళ్లిద్దరూ వాయిస్తూనే ఉన్నారు.

అప్పటికప్పుడు బండి తీసి నేరేడ్‌మెట్‌లో మా ఇంటికి వెళ్లాను. అక్క కీబోర్డు బీరువా మీద ఉంది. కప్పిన గుడ్డ మీద దుమ్ము పేరుకుని ఉంది. పరికరం దాని వెనకే గుచ్చి ఉంది. దానికి సొంత బ్యాటరీ లేదు, కీబోర్డు ఆన్‌లో ఉంటేనే పనిచేస్తుంది. ఆ కీబోర్డు అడాప్టర్ మెర్సీకి ఇచ్చి నెలలైంది. సెల్స్ వేసే అర ఖాళీ. ఆన్‌లో ఉన్నా సరే, బ్లూటూత్ మా వీధి కూడా దాటదు, మౌలాలి దాకా ఎలా వస్తుంది?

రాత్రి అన్నం కూడా తినకుండా రికార్డింగ్ విన్నాను. మూడో వరసలోనూ అక్క పాటే ఉంది. పల్లవి చివర పై స సరిగ్గా బీటు మీద పడింది. జయరాజు వరసలో మాత్రం అది అర బీటు వెనక వచ్చింది. పదిసార్లు విని ఏడ్చాను.

ఆ రికార్డింగ్ చర్చి కమిటీ ముందు పెట్టాను. సెక్రటరీగారు ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఓపిగ్గానే విన్నారు.

"మీ అక్క అయితే లేటుగ కొడ్తది గదా బ్రదర్. ఇది కరెక్టుగ ఉంది" అన్నారు.

జయరాజు తలూపాడు. పుస్తకం అతని పేరుతోనే అచ్చయింది.

ఇది ఎలా జరిగిందో నాకు తెలియదు. తెలిసిన ఇద్దరు ఇంజినీర్లకు అంతా చూపించాను, వాళ్లకూ అంతుపట్టలేదు. ఇప్పటికీ ప్రతి ఆదివారం జాబితా తెరిచి చూస్తాను. రెండు పేర్లే ఉంటాయి.

జయరాజు మీద కోపం ఎలాగూ పోదు. అంతకంటే ఎక్కువ నా మీద. ఆ స్వరం మొదటిసారి టైముకి అందుకుంది మా అక్క. పాట పూర్తి కానివ్వకుండా ఆపింది నేనే.