మామ మీసాలు

ఆ రోజుల్లో మా నారాయణఖేడ్‌లో ఎవరి మొహం వాళ్ల సొంతమేనని అందరూ నమ్మేవాళ్లు. అందరికంటే గట్టిగా నమ్మినవాడు మా మామ. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయన పళ్లపొడి తయారుచేసేవాడు. (వేపబెరడు, లవంగాలు, ఉప్పు. మిగతాది బూడిద, అయినా మంచి బూడిద.) డబ్బా మీద తన ఫోటోనే అచ్చు వేయించాడు, చెంపల దాకా మెలితిప్పిన మీసాలతో. మీసాలతో మామ ఫోటో దిగింది ఆ ఒక్కసారే. చదువు రానివాళ్లు కూడా "మీసాల పొడి ఇయ్యి" అని అడిగి కొనేవాళ్లు. పదో తరగతి తప్పిన నేను సైకిలుకు డబ్బాలు కట్టుకుని సిర్గాపూర్, కల్హేర్ అంగళ్లు తిరిగేవాణ్ని.

పట్నం నుంచి ఒక ఏజెంటు వచ్చి మా సరుకు పట్టుకుపోయేవాడు. మామ ఇంట్లో తిని, మామ మంచం మీదే పడుకునేవాడు. ఉన్నట్టుండి రావడం మానేశాడు. కొన్నాళ్లకు అంగట్లో అవే డబ్బాలు, అవే మీసాలు, లోపల మాత్రం రంగు సుద్ద. వెనకాలే నోటీసు వచ్చింది. ఆ పేరూ బొమ్మా వాడి పేరున రిజిస్టరయ్యాయట, మామ వాడకూడదట. వకీలు దగ్గరికి పరుగెత్తాం.

"ముందుగాల నువ్వెందుకు రిజిస్ట్రీ చేయించుకోలే?" అన్నాడు వకీలు.

"నా మొకానికి రిజిస్ట్రీ ఏంది? మా అవ్వ కన్నప్పటి సంది నాదే గదా."

"నువ్వే ముందు వాడినవని సాబీతు చేస్తే గెలుస్తవ్. గని పట్నంల కేసు నడపాలె, ఏండ్లు పడ్తది."

అంత స్తోమత మాకెక్కడిది? మామ నేరుగా మంగలి దగ్గరికి వెళ్లి మీసాలు తీయించుకుని, ఆ బోడి మొహంతోనే కొత్త డబ్బాలు అచ్చు వేయించాడు. చూడగానే నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

కల్హేర్ అంగడికి ఆ వారం మామ కూడా వచ్చాడు. ఎప్పుడూ మా పొడే కొనే ముసలమ్మ కొత్త డబ్బా తిప్పితిప్పి చూసి, పక్క దుకాణంలోని మీసాల డబ్బా వైపు చెయ్యి చూపించింది.

"అసలోడు గాయన. నకలు మాలు అమ్ముతున్నవ్ బిడ్డా, పాపం తాకుతది."

మామ అటు చూశాడు. "అవునవ్వా, గాయన మంచోడు" అన్నాడు.

మళ్లీ షెడ్డు తెరవలేదు.

మామ పోయినప్పుడు బోడి మొహం ఫోటోకు దండ వేయనంది అత్త. మీసాల ఫోటో ప్రెస్సులోనే పోయింది. నాకిప్పుడు పళ్లన్నీ కట్టుడువే. అయినా నెలనెలా ఆ దొంగ పొడే కొంటాను. "లేని పండ్లకు పొడేంది?" అని మా ఆవిడ నవ్వుతుంది, నేనూ నవ్వుతాను. పొద్దున్నే మామ మొహం చూడాలంటే ఆ డబ్బానే కొనాలి మరి.