రేణుక కట్టిన రొప్పం

పులివెందుల పక్క వేములలో గొర్రెలు పెంచే యల్లయ్య కూతురు రేణుక ప్రొద్దుటూరులో చిన్న కంప్యూటర్ రిపేరు కొట్టు పెట్టుకుంది. మూలనపడ్డ కంప్యూటర్లలో లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి మళ్లీ నడిపించడం ఆమె పని. పొద్దున్నే దేవుడి పటానికి, ఆ చేత్తోనే కీబోర్డుకూ దండం పెట్టుకుంటుంది. పక్క కొట్టులో బట్టలు కుట్టే అఫ్సానా టీ తెప్పించుకుంటే రేణుకకూ ఓ గ్లాసు వస్తుంది, అడగనక్కర్లేదు.

ఆ రోజు జమ్మలమడుగు నుంచి అనంతరామయ్య అయివారు తన కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి, పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చారు. బడిపంతులుగా రిటైరై, ఇప్పుడు ఊళ్లోవాళ్లకు ముహూర్తాలు పెడుతున్నారు. డిస్కు నిండిపోయి ఏదీ సేవ్ కావడం లేదట. తల్లి వెంకటసుబ్బమ్మ పాడిన మంగళహారతులు అందులోనే ఉన్నాయి. ఆమెకిప్పుడు చరణాలు గుర్తు రావడం లేదు. ఏం పోయినా ఫర్వాలేదు, ఆ పాటలు మాత్రం పోకూడదని కూర్చోకముందే చెప్పారు.

"పాటలు వేరేగా ఉండాయిలే తల్లీ. శ్రీతో మొదలయ్యేవన్నీ పాత పంచాంగాలే. తీసేయి," అన్నారు.

తీసేయడానికి rm అన్న రెండక్షరాలు చాలు. కానీ ఆజ్ఞలు టైపు చేసే ఆ నల్లతెర మీద తీసేసింది చెత్తబుట్టలోకి పోదు, పోతే పోయినట్టే. అందుకని రేణుక ముందుగా ls sri* అని కొట్టింది. శ్రీతో మొదలయ్యే పేర్లన్నీ చూపించే ఆజ్ఞ అది. తెర నిండా పేర్లు దిగాయి.

అయివారు కళ్లద్దాలు సర్దుకుని చదువుతూ చదువుతూ ఆగిపోయారు. పంచాంగాల నడుమ sri_amma_haratulu. శ్రీ పెట్టకుండా ఆయన జన్మలో ఏదీ మొదలుపెట్టలేదు; కరెంటు బిల్లు ఫొటోకూ శ్రీ ఉంది.

"అమ్మ గూడా పోయేదే గదా," అన్నారు మెల్లగా.

"పోలేదు గదా అయివారూ. మా నాయన అమ్మే గొర్రెల్ని యాపారికి నేరుగా ఇయ్యడు. ముందురోజే ఏరి వేరే రొప్పంలోకి, అదే ఇంకో దొడ్లోకి, తోల్తాడు. తెల్లారి మా అమ్మ ఒగసారి చూసి సరే అంటేనే బండెక్కేది. మనమూ అట్లే చేస్తాం."

మొదట పాటలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, మోగుతున్నాయో లేదో విని చూసింది. తర్వాత roppam అని కొత్త ఫోల్డరు కట్టి, sri_panchangam అని మొదలయ్యేవాటినే mv అనే తరలింపు ఆజ్ఞతో అందులోకి తోలింది. లోపల ఏమేం ఉన్నాయో అయివారి చేతనే చదివించింది. అప్పుడు rm -ri. ఇది ఒక్కోదాన్నీ తీసేయమంటావా అని అడుగుతుంది. అవునంటే y నొక్కాలి.

y నొక్కే పని అయివారే తీసుకున్నారు. శ్రీ ఉన్నవాటిని పొమ్మనడానికి నోరు రాక, ఒక్కోదానికీ "వెళ్లి రండి" అంటూ నొక్కుతున్నారు.

"రమ్మంటే మళ్లా డిస్కు నిండుతాది సార్," అంది టీ గ్లాసులతో వచ్చిన అఫ్సానా.

పంచాంగాలన్నీ సెలవు తీసుకున్నాక డిస్కులో చోటు మిగిలింది. అయివారు అక్కడి నుంచే తల్లికి ఫోన్ చేసి, రేణుక సంగతి చెప్పి, పెన్‌డ్రైవ్‌లోని హారతి వినిపించారు. అఫ్సానా తన కొట్లో మోగుతున్న రేడియో ఆపడానికి పరుగెత్తి, ఆపి వచ్చి నిలబడింది. వెంకటసుబ్బమ్మ పాటంతా విన్నది.

"రెండో చరణంలో శ్రుతి తప్పిందిరా అనంతా. దాన్ని తీసేయమని చెప్పు ఆ పిల్లకు," అంది.

అయివారు రేణుక ముఖం చూశారు. రేణుక నవ్వాపుకుంటూ కీబోర్డును ఆయనకు అందనంత దూరం జరిపింది.