పదేళ్ళ రేడియేటర్

డ్రైవింగ్ మాస్టారి తిట్లకు జడిసే ఊళ్ళో సగం మంది కారు నేర్చుకున్నారు. ఆ డొక్కు కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. శిష్యులు తడబడితే మాస్టారు అక్కణ్ణుంచి తొక్కేవారు. ఇప్పుడు శిష్యులెవరూ లేరు. ఆ సీట్లో భార్యను కూర్చోబెట్టుకుని, రోజు విడిచి రోజు డయాలసిస్‌కు తీసుకెళ్తున్నారు.

ఇవాళ తిరిగొస్తుంటే రేడియేటర్ కారి, ఇంజను పొగలు కక్కింది. కారును ఎలాగో స్పేర్ పార్టుల కొట్టు ముందుకు లాక్కొచ్చారు. కొట్టతను రెండు రేడియేటర్లు తెచ్చి చూపించాడు.

"రాగిదైతే పదేళ్ళు ఢోకా లేదు మాస్టారూ. ప్లాస్టిక్ ట్యాంకుదైతే రెండేళ్ళొస్తే గొప్పే. ఇంకా ఎన్నాళ్ళు కావాలో చెప్పండి."

పొద్దున మాస్టారు డాక్టరును అడిగిందీ అదే. డాక్టరు మాట దాటేశాడు.

"రాగిదే ఇవ్వవయ్యా! పదేళ్ళూ నడుపుతాను, నీకేం నొప్పి?" అని కసిరారు మాస్టారు.

కారులోంచి భార్య నీరసంగా పిలిచింది.

"ఎందుకండీ పాపం అతని మీద అరుస్తారు? ప్లాస్టిక్‌ది చాలులెండి. తర్వాత మీరొక్కరే ఎక్కడికెళ్తారు?"